కింద కారు, పైన కాపురం

టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ దీవిలో, స్తంభాల మీద కట్టిన ఇల్లు కొన్నామని తెలిసినప్పటి నుంచి హ్యూస్టన్ ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒక్కటే, "తుఫానొస్తే ఎలా?" అని. తుఫాను టెన్షన్ ఏడాదిలో కొన్ని వారాలే. మిగతా రోజులన్నీ మెట్ల బాధే. బియ్యం బస్తా, నీళ్ల బాటిళ్లు, నిద్రపోయిన పిల్లాడు, అన్నీ మోసుకుంటూ ఎక్కాలి, పైకొచ్చి పోపు పెట్టాక కరివేపాకు కారులోనే ఉండిపోయిందని గుర్తొస్తే ఆ పూట పప్పులో కరివేపాకు ఉండదు, అంతే. ఇక్కడ చాలామంది సరుకులు పైకి లాగడానికి చిన్న కరెంటు లిఫ్ట్ పెట్టించుకుంటారు. మనుషులు ఎక్కకూడదు, సామాన్లకే. మా పిల్లాడికి ఈ రూల్ మీద చాలా అభ్యంతరాలున్నాయి.

ఈ దీవిలో స్తంభాల మీద ఇళ్లెందుకో తెలియాలంటే 1900 సెప్టెంబర్ 8 దగ్గరికి వెళ్లాలి. అప్పట్లో ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా 9 అడుగుల లోపే, ఆ రాత్రి వచ్చిన ఉప్పెన 15 అడుగుల పైనే. 6,000 నుంచి 12,000 మంది దాకా పోయారని అంచనా. బతికినవాళ్లు ఊరు వదిలిపోకుండా సముద్రానికి అడ్డంగా 17 అడుగుల గోడ కట్టారు, అదీ చాలదని రెండువేలకు పైగా కట్టడాల్ని, చర్చిలతో సహా, జాకీలు పెట్టి పైకి లేపి, వాటి కింద నీళ్లలో కలిపిన ఇసుక పంపుచేసి ఊరినే ఎత్తు చేశారు. ఆ గోడ ఇప్పుడు దాదాపు 10 మైళ్లుంది. మా ఇల్లు గోడ అయిపోయాక, ఇంకా పడమటికి. ఇక్కడ స్తంభాలే దిక్కు.

స్తంభాలంటే కాంక్రీటు పిల్లర్లు అనుకునేరు, మావి మందు పట్టించిన పైన్ దుంగలు, ఇసుకలోకి లోతుగా దింపినవి. ఉప్పుగాలికి వాటి బోల్టులే ముందు తుప్పు పడతాయి, అందుకే అప్పుడప్పుడు ఇంటి కిందకెళ్లి టార్చి వేసి ఒక్కొక్కటీ చూస్తుంటాను. ఏసీ బయటి యూనిట్ కూడా ఇంటి ఎత్తులోనే ఒక అరుగు మీద కూర్చుంటుంది. చలికాలంలో ఉత్తరం గాలి గట్టిగా కొడితే ఇల్లు ఊగుతుంది, కమోడ్‌లో నీళ్లు అటూ ఇటూ కదులుతాయి. అవనిగడ్డ నుంచి వచ్చిన మా అమ్మ మొదటిసారి చూసి "ఒరే, భూమి కదులుతోందిరా" అని అందర్నీ నిద్ర లేపేసింది.

నాన్న మాత్రం దుంగల మధ్య ఒక చుట్టు తిరిగి "మన తుఫాను షెల్టర్ లాగానే కట్టారే" అన్నారు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. నీళ్లు కింద నుంచి పోవాలి, మనుషులు పైన ఉండాలి, ఆయనకి ఎవరూ వివరించక్కర్లేదు.

నాకు అర్థం కానిది, ఇంత ఖర్చుపెట్టి ఇల్లు పైకి లేపుకుని, మళ్లీ కింద గదులు కట్టుకునేవాళ్లు. అలలు నేరుగా కొట్టే జోన్‌లో కింద భాగాన్ని పార్కింగ్‌కి, సామాన్లకి, మెట్లకి తప్ప వాడకూడదు, గోడ పెట్టినా అల తగలగానే ఊడిపోయేలా ఉండాలి, ఊడకపోతే అల తాకిడి అంతా స్తంభాల మీద పడి ఇల్లంతటినీ లాగేస్తుంది. అయినా కింద గెస్ట్ రూమ్, బాత్రూమ్, బార్ పెట్టి అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. వరదొస్తే కింద పోయినదానికి ఇన్సూరెన్స్ దాదాపు ఏమీ ఇవ్వదు.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది, ఇక్కడ ఒకటి కాదు, మూడు. ఇంటికొకటి, గాలికొకటి, వరదకొకటి. ప్రభుత్వ వరద పాలసీలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లే, అదీ సాధారణంగా పాలసీ కొన్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. టీవీలో తుఫాను బొమ్మ చూసి కొందామంటే కుదరదు.

స్తంభాలుంటే చాలా అంటే, చాలదు. 2008 సెప్టెంబర్‌లో ఐక్ తుఫాను వచ్చినప్పుడు పక్కనున్న బొలీవర్ ద్వీపకల్పం వైపు నీళ్లు 15 అడుగులు దాటాయి, అక్కడ స్తంభాల ఇళ్లు కూడా వరసలు వరసలుగా కొట్టుకుపోయాయి. అక్కడే గిల్‌క్రిస్ట్ అనే ఊళ్లో సముద్రం వైపు ఒకే ఒక్క పసుపు ఇల్లు నిలబడిన ఫోటో మీరూ చూసే ఉంటారు. అందుకే ఖాళీ చేయమంటే మేము వాదించం, ఫైళ్లు, పాస్‌పోర్టులు, పచ్చళ్ల జాడీలు కార్లో పెట్టుకుని హ్యూస్టన్ బయల్దేరతాం. 2024 జూలైలో బెరిల్ తుఫాను అప్పుడైతే, చుట్టాలింటికి వెళ్లినా అక్కడా రోజుల తరబడి కరెంటు లేదు.

ఇలాంటి ఇల్లు కొనాలనుకుంటే బీచ్ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. ఇంటి కింద నిలబడి పైకి చూడండి, ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఎలివేషన్ సర్టిఫికెట్ అడగండి, కింద గదులుంటే పర్మిట్ ఉందా అని అడగండి. వీలైతే ఆ వీధిలోనే ఒక వారం అద్దెకుండండి, జూన్‌లో కాదు, జనవరిలో, అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లి.