బ్యాటరీ కొనే ముందు ఒక్కసారి ఎర్త్ వైరు చూడండి

కారు స్టార్ట్ కావడానికి టైం పడుతోందని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ మూలుగుతూ మెల్లగా తిరుగుతోందా, లేక చురుగ్గానే తిరుగుతూ ఎంతకీ అందుకోవడం లేదా? చాలామంది రెండింటినీ కలిపి "లేటుగా స్టార్టవుతోంది" అనేస్తారు. కానీ ఇవి రెండు వేరు వేరు జబ్బులు. మొదటిది కరెంటు సంగతి. రెండోది ఎక్కువగా పెట్రోలు, డీజిలు, స్పార్క్ ప్లగ్‌ల సంగతి. ఈ తేడా తేల్చుకోకుండా బానెట్ ఎత్తితే డబ్బు ఖర్చవుతుంది గానీ బండి బాగుపడదు.

నేను స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరయ్యాను. కార్ల మెకానిక్‌ని కాను, కానీ నా ఉద్యోగమంతా మోటార్ల మధ్యే గడిచింది. కొత్తగా చేరినవాళ్లకి అక్కడ సీనియర్లు ముందు నేర్పే పాఠం ఇది: మోటారు నీరసంగా తిరుగుతుంటే మోటారు విప్పకు, దాని దాకా ఎంత వోల్టేజీ వస్తోందో ముందు కొలువు. కారులో ఇంజిన్‌ని మొదట తిప్పే సెల్ఫ్ కూడా ఒక మోటారే. దానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. పైగా కావలసింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, పది నంబరు స్పానరు, సాండ్ పేపరు. అంతే.

మా మేనకోడలు విశాఖలో లాసన్స్ బే కాలనీలో ఉంటుంది. బాల్కనీలో నిలబడితే అలలు కనిపిస్తాయి. కారు పెట్టుకునేది మాత్రం కప్పు లేని చోట. చిన్న పెట్రోలు బండి. ఒక రోజు ఫోన్ చేసింది.

"మావయ్యా, పొద్దున్నే సెల్ఫ్ కొడితే గుర్ర్... గుర్ర్... అని మూలిగి మూలిగి అప్పుడు అందుకుంటోంది. షాపులో చూపిస్తే బ్యాటరీ పోయింది మేడం, మార్చేయండి అన్నారు. అత్తయ్య గారిని హాస్పిటల్‌కి తిప్పుతున్నాం కదా, మధ్యలో ఆగిపోతే ఎలాగని టెన్షన్‌గా ఉంది."

"లైట్లు డల్‌గా ఉంటున్నాయా?"

"లేదు మావయ్యా, హారన్ కూడా బాగానే మోగుతోంది."

"అయితే ఇంకా ఏమీ కొనకు తల్లీ. రేపు పొద్దున నువ్వు తాళం పెట్టకముందే వస్తాను."

తాళం పెట్టకముందే అని ఎందుకన్నానంటే, అప్పటిదాకా నడిచి ఆగిన బండిలో బ్యాటరీ మీద పైపై చార్జి ఉంటుంది. మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండి దగ్గర పొద్దున్నే కొలిస్తేనే ఆ అంకెను నమ్మాలి. 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువ ఉంటే ముందు చార్జి పెట్టించి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. మేనకోడలి బండిలో 12.5 ఉంది.

తర్వాత పెట్రోలు పంపు ఫ్యూజ్ తీసేశాను. ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరగాలి కాబట్టి. గేరు న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండ్ బ్రేక్ వేయించి, నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టమన్నాను. మీటరు వైర్ల చివర ఉండే ముల్లులు బ్యాటరీ పోస్టుల మీదే ఉన్నాయి. వైరు క్లాంపుల మీద కాదు, సీసం పోస్టుల మీదే ఆనించాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 10.8 దగ్గర నిలబడింది. బలహీనమైన బ్యాటరీ అయితే ఇక్కడే 9.6 కంటే కిందికి జారిపోతుంది. బ్యాటరీ దగ్గర వోల్టేజీ నిలబడి ఉంది, సెల్ఫేమో నీరసంగా తిరుగుతోంది. ట్యాంకు నిండుగా ఉన్నా పైపు పూడుకుపోతే కుళాయిలో నీళ్లు సన్నగా వచ్చినట్టు, దారి మధ్యలో ఎక్కడో వోల్టేజీ తినేస్తోందన్నమాట.

ఎక్కడ తింటోందో పట్టుకునే పద్ధతే ఈ మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైనది. మీటరు డీసీ వోల్టుల మీదే ఉంచి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని లోహం మీద పెట్టాలి. ఆ రెంటినీ కారు బాడీ మీదుగా లావు వైర్లే కలుపుతాయి కాబట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా మీటరు దాదాపు సున్నా చూపించాలి. 0.2 దాకా ఫరవాలేదు. మాకు 1.8 వచ్చింది! అదే ముల్లు ఇంజిన్ మీంచి తీసి కారు బాడీ మీద పెడితే 0.1 మాత్రమే. అంటే బ్యాటరీ నుంచి బాడీ దాకా దారి బాగుంది. బాడీ నుంచి, ఇంజిన్‌కి బిగించి ఉన్న గేర్‌బాక్సుకు వెళ్లే ఎర్త్ వైరులోనే, అంటే సెల్ఫ్ కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే లోపం. పాజిటివ్ వైపు కూడా ఇలాగే పోస్టు నుంచి సెల్ఫ్ మీదున్న లావు బోల్టు దాకా కొలిస్తే 0.4 వచ్చింది, అది ఓపలేనంత ఎక్కువేమీ కాదు.

లెక్క చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. చిన్న పెట్రోలు ఇంజిన్‌ని కదిలించడానికి సెల్ఫ్ సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా చాలు, ఒకటిన్నర వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. హెడ్‌లైట్లు రెండూ కలిసి తీసుకునేది సుమారు తొమ్మిది ఆంపియర్లు. అవి ఆ వైరు గుండానే వెళ్లినా పడే తేడా పదో వంతు వోల్టు కూడా ఉండదు, కంటికి ఆనదు. అందుకే లైట్లు దేదీప్యంగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం మూలుగుతుంటే నా అనుమానం ముందు వైర్ల కొసల మీదికి పోతుంది.

బోల్టు విప్పాం. పైకి చూస్తే ఏమీ లేదు, నల్లగా గ్రీజు, దుమ్ము. కింద లగ్ (వైరు చివర బోల్టు పట్టే రింగు) అంతా పచ్చటి చిలుం. వైరు తొడుగు కొద్దిగా చీల్చి చూస్తే లోపల రాగి తీగలు కూడా నల్లబడి ఉన్నాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుందని అందరికీ తెలుసు గానీ అది ఎలా పని చేస్తుందో ఆలోచించం. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పట్టి కరుగుతుంది. మన విశాఖలో వాన పడక్కర్లేదు, మామూలు పొద్దుటి పూటే తేమ చాలాసార్లు ఆ గీత దాటుతుంది. రాగి, ఇనుము, సీసం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే అదే ఒక చిన్న బ్యాటరీ అయి లోహాన్ని కొరుకుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఆ ఉప్పు ఎక్కడెక్కడికి దూరిందో మా వైపు బళ్లు విప్పినప్పుడల్లా చూశాను. పెదవాల్తేరు, బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్లు ఈ ఎర్త్ వైరు మీద ఒక కన్నేసి ఉంచాలని నేను గట్టిగా చెప్తాను.

వైరు కొత్తది వేశాం. అదే మందం, అదే పొడవు. రెండు చివర్లా బాడీ మీద, గేర్‌బాక్సు మీద లోహం తళతళలాడేదాకా రుద్ది, బోల్టు బిగించి, ఆ పైన వాసెలిన్ పూశాం. వాసెలిన్ ముందు కాదు, బిగించాకే. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర పెట్టాలి. లేకపోతే స్పానరు బాడీకి తగిలి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. చార్జి అవుతున్న బ్యాటరీ మండే హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి ఇది తమాషా కాదు.

మళ్లీ ఇంజిన్ మీద ముల్లు పెట్టి కొలిస్తే 0.1. ఫ్యూజ్ పెట్టి తాళం తిప్పగానే ఠక్కున అందుకుంది. మేనకోడలి మొహం చూసి నాకు చాలా సంతోషమేసింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2 వచ్చింది. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

బ్యాటరీ తప్పు లేనే లేదని నేను అనడం లేదు. మన ఎండలకి బ్యాటరీలు త్వరగా ముసలివవుతాయి. వేడి ఎక్కువైన కొద్దీ లోపలి రసాయన చర్యలు, ప్లేట్లు అరిగిపోవడం కూడా వేగం పుంజుకుంటాయి. ఇంకో కారణం మనం బండి వాడే తీరు. పిల్లలు విదేశాల్లో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లే ఉన్న ఇళ్లు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కారు వారమంతా సెల్లార్‌లో ఉంటుంది. ఆదివారం ఎంవీపీ రైతుబజారు దాకా వెళ్లి వస్తుంది. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన చార్జి తిరిగి నిండడానికి ఆ దూరం చాలదు. వారానికి ఒక్కసారైనా భీమిలి వైపు ఒక అరగంట తోలి తీసుకురమ్మని నేను చెప్తుంటాను. దారి కూడా బాగుంటుంది.

అలా ఆగి ఉన్న బళ్లలో దొంగ కరెంటు కూడా చూడాలి. తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, అరగంట ఆగాక బండి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. తర్వాత పెట్టించుకున్న డాష్ కెమెరాలు, ట్రాకర్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు సరిగ్గా కలపకపోతే అర ఆంపియర్ దాకా లాగుతాయి. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ (ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇచ్చేది) అయితే అలా మూడు రోజుల్లో పూర్తిగా ఖాళీ. ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోతే ఏది తీసినప్పుడు మీటరు దిగిందో అదే దొంగ.

ఇక రెండో జబ్బు, ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ అందుకోకపోవడం. దీని గురించి నాకున్న అనుభవం తక్కువ కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పెట్రోలు బండి అయితే తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. వెనక సీటు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా పంపు శబ్దం వస్తుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఇలా రెండుసార్లు చేశాక కొడితే వెంటనే అందుకుంటోందంటే, రాత్రంతా ఆగినప్పుడు పెట్రోలు ప్రెషర్ దిగిపోతోందని అర్థం. పంపులో పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ నిలబెట్టలేకపోవచ్చు, లేదా ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతుండవచ్చు. రెండుసార్లు చేసినా తేడా లేకపోతే స్పార్క్ ప్లగ్‌లు, ఇంజిన్ వేడి కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సరు చూపించాలి. డీజిల్ బండిలో ఫిల్టరు దగ్గర గాలి చొరబడుతుంటుంది, వానాకాలంలో ఫిల్టరు అడుగున నీళ్లు చేరతాయి. అడుగున ఉండే ప్లగ్ వదులు చేసి ఆ నీళ్లు వదిలేయించుకోవాలి.

డీజిల్ ఇంజిన్‌ని స్టార్ట్ చేసేటప్పుడు లోపల వేడి చేసే గ్లో ప్లగ్‌లు విశాఖలో పాడైనా చాలామందికి తెలియదు, ఇక్కడ చలి అంత ఉండదు. అదే బండి డిసెంబరులో లంబసింగి తీసుకెళ్లి రాత్రి ఉంచితే తెల్లారేసరికి తెలుస్తుంది. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ శక్తి పడిపోతుంది, గ్లో ప్లగ్‌లు లేకపోతే డీజిల్ సులువుగా మండదు. ఏజెన్సీ కొండల వైపు ప్రయాణం పెట్టుకున్నవాళ్లు బయల్దేరే ముందే బ్యాటరీ పరీక్ష చేయించుకోండి, అక్కడ అర్ధరాత్రి మెకానిక్ దొరకడు.

ఏ జబ్బయినా సెల్ఫ్‌ని పది సెకన్లకు మించి ఒకేసారి కొట్టవద్దు. అరనిమిషం ఆపి మళ్లీ కొట్టండి. ఇంత కరెంటు లాగే మోటారు కొద్దిసేపటి పనికే తయారైంది. ఆపకుండా కొడితే లోపలి వైండింగ్ కాలిపోతుంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, సింహాచలం కొండెక్కి దిగాకో, ట్రాఫిక్‌లో కాగాకో మెల్లగా తిరుగుతుంటే అప్పుడు సెల్ఫ్‌నే అనుమానించాలి. రాగి వేడెక్కితే అడ్డు పెరుగుతుంది, ఇరుసును పట్టుకునే బుష్‌లు అరిగి ఉంటే పట్టేస్తాయి, తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు సరిగ్గా ఆనవు. వైర్లలో వోల్టేజీ ఎక్కడా పడడం లేదని కొలిచి తేల్చుకున్నాకే గాజువాక ఆటోనగర్‌లో ఎవరైనా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. చాలావరకు బ్రష్‌లు, బుష్‌లు మారిస్తే సరిపోతుంది. మోటారే మార్చాలని వాళ్లంటే పాతదాన్ని మీ ముందు విప్పి, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి భాగం) చూపించమని అడగండి. అది నల్లగా కాలి, రాగి మీద లోతుగా గాడులు పడి ఉంటే మార్చక తప్పదు. రాగి రంగులో నున్నగా ఉంటే బ్రష్‌లతోనే పని అయిపోతుంది.