సిగరెట్ మానడానికి క్విట్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఏమవుతుంది: నా అనుభవం

సిగరెట్ పెట్టెల మీద 2018 సెప్టెంబరు నుంచి ఒక నంబరు వేస్తున్నారు: 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్ళకి ఫోన్లో సాయం చేసే క్విట్‌లైన్‌ది. ఆ భయంకరమైన బొమ్మతో పాటే ఉంటుంది. నాకది చాలాకాలం కనబడనే లేదు, ఎందుకంటే నేను పెట్టె కొనేవాణ్ణి కాదు. బడ్డీకొట్టులో విడిగా ఒకటి తీసుకుని, అక్కడే తాడుకి వేలాడే లైటరుతో ముట్టించుకునే బాపతు. మన దగ్గర చాలామంది అంతే కదా. హెచ్చరికలన్నీ కొట్టువాడు చదువుకోవడానికే వేసినట్టుంటాయి. ఒకసారి ఒంగోలు నుంచి హైదరాబాద్ వెళ్తూ, రాత్రి దారిలో దొరకదేమోనని పెట్టె కొన్నప్పుడు చూశాను.

చూసినంత తేలిక కాదు చేయడం. ఎవరో ఫోన్లో పొగ తాగడం హానికరం అని చెబితే వినడానికా? ఆ ముక్క సినిమా హాల్లో వింటూనే ఉన్నాం. పైగా హిందీలో మొదలెడతారేమోనని ఒక అనుమానం. ఈ సర్వీసు 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైన మాట నిజమే గానీ, తర్వాత ముంబై, గువాహటి, బెంగళూరుల్లో కూడా కేంద్రాలు పెట్టారు. దక్షిణాది భాషలవాళ్ళతో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ నుంచి మాట్లాడతారు. కాల్‌కి డబ్బులేం పడవు. నాకు తెలుగావిడే దొరికింది, మదనపల్లి వైపు యాస.

ఆవిడ మానేయమని ఒక్కసారి కూడా అనలేదు. అడగడమే పని. రోజుకెన్ని, ఎన్నేళ్ళుగా, బీపీ షుగరు ఉన్నాయా, మందు అలవాటుందా, ఇంతకుముందు మానడానికి చూశారా, మళ్ళీ ఎక్కడ మొదలైంది. "పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి ముట్టిస్తారండీ?" అన్నదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. ఎన్ని కాలుస్తున్నామన్న దానితో పాటు ఇది కూడా ముఖ్యమట. లేచిన అరగంటలోపే కావాలంటే ఒళ్ళు పొగాకులోని నికోటిన్‌కి బాగా అలవాటు పడ్డట్టు. నేను పళ్ళు తోముకోకముందే పెరట్లోకి వెళ్ళే రకం.

మా నాన్న పొగాకు రైతని కూడా చెప్పాను. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి మంట పెట్టిన రోజుల్లో రాత్రంతా వేడి చూసుకుంటూ నాన్న మేలుకునేవాడు, నేను పక్కన నులక మంచం మీద పడుకునేవాణ్ణి. ఇది విని ఏదో ఒకటి అంటుందనుకున్నా. "ఆ వాసనొస్తే ఇప్పటికీ సిగరెట్ గుర్తొస్తుందా?" అంది. లేదు మేడమ్, టీ వాసనకే అన్నాను. "అయితే టీ సంగతే మాట్లాడుకుందాం" అంది.

మానే తేదీ నన్నే పెట్టుకోమంది, మరీ దూరం వద్దంది. సోమవారం అన్నాను. "ఆ రోజు ఆఫీసులో ఏముంటుంది?" మాది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, నెలాఖరు, లారీల లెక్కలు తేలాలి, డ్రైవర్లతో గొడవలు. "మరి అంత టెన్షన్ ఉన్న రోజే ఎందుకండీ?" అంది. ఆదివారానికి జరిపాం. ముందురోజు రాత్రి లైటర్లు, అగ్గిపెట్టెలు పారేయమంది, చొక్కా జేబులు కూడా వెతకమంది. ఇంట్లో చెప్పమంది, ఆఫీసులో ఒక్కరికైనా చెప్పమంది. ఆఫీసులో చెప్పడమే కష్టమైంది, పందేలు కాశారు వెధవలు.

టీ సంగతి నాకు కొత్త. పొగలోని కొన్ని రసాయనాల వల్ల లివరు కెఫీన్‌ని తొందరగా అరగదీసేస్తుందట. పొగ ఆగిపోతే అవే టీలు, కాఫీలు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం సిగరెట్ లేకపోవడం వల్లనే అనుకుంటాం, సగం పాపం కాఫీది. టీలు సగానికి తగ్గించాను.

సిగరెట్ మీదకి మనసు పోకుండా నమిలే నికోటిన్ గమ్ గురించి కూడా చెప్పింది. 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. గుండె జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడిగే వాడాలి. కొంచెం నమలగానే నోట్లో చురుక్కుమంటుంది. అప్పుడు ఆపి బుగ్గలో ఒత్తిపెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. వేసుకోవడానికి ముందు పావుగంట టీ, కూల్‌డ్రింకు తాగకూడదు, సరిగ్గా పట్టదు. మా ఆఫీసులో ఒకాయన బబుల్‌గమ్‌లా కసకసా నమిలి రసమంతా మింగి, ఎక్కిళ్ళొచ్చి, దండగని పారేశాడు. తప్పు గమ్‌ది కాదు.

మొదటి మూడు రోజులూ నరకమే. తలనొప్పి. కుక్కర్ మూత చప్పుడుకి కూడా ఇంట్లో అరిచాను. నాలుక పీకినప్పుడల్లా ఫోన్లో టైము చూసుకుని, నీళ్ళు తాగి, మేడ మీదకెళ్ళి వచ్చేవాణ్ణి. ఆ పీకుడు కొన్ని నిమిషాల్లో తగ్గుతుందని ఆవిడ చెప్పింది గానీ, ఆ కొన్ని నిమిషాలు ఎంత పొడుగో చెప్పలేదు.

తర్వాత వాళ్ళే ఫోన్ చేశారు. నాకు పనికొచ్చింది ఇదే. సలహాలు బంధువులు కూడా ఇస్తారు, మా పెద్దమ్మ లవంగాలు నమలమని ఎప్పట్నుంచో చెబుతోంది. కానీ గురువారం ఎవరో ఫోన్ చేసి అడుగుతారని తెలిస్తే బుధవారం సాయంత్రం కొట్టు దగ్గర కాలు ఆగుతుంది. మాట్లాడే మనిషి మారినా నా సంగతులన్నీ రాసుకుని ఉండేవాళ్ళు, నెలాఖరు లెక్కలు ఎలా గడిచాయని అడిగారు. ఒకాయన ఏ మొహమాటం లేకుండా "మోషన్ ఫ్రీగా అవుతోందా సార్?" అన్నాడు. కావట్లేదు! సిగరెట్ మానితే కొన్నాళ్ళు అదీ ఉంటుందట, నీళ్ళు, పీచు ఎక్కువ తీసుకోమన్నాడు. ఎవరికీ చెప్పుకోలేక వేరే జబ్బేమోనని భయపడుతున్నా అప్పటికే. ఒకటి కాల్చినా అంతా పోయినట్టు కాదని, దాచకుండా ఫోన్ చేయమని కూడా చెప్పాడు.

ఇప్పుడు కాల్స్ మధ్య ఎడం పెరిగింది. పొట్ట కూడా పెరిగింది, దాని గురించీ అడుగుతున్నారు. ఖైనీ, గుట్కాలకి కూడా ఇదే నంబరని తెలిసి మా బావమరిదికి రాసిచ్చాను. మామిడికాయల సీజన్ అయ్యాక చేస్తానంటున్నాడు. మామిడికాయలకీ ఖైనీకీ ఏం సంబంధమో వాడికే తెలియాలి.