ప్రామ్ బస్సు, ఆ తల్లి అడిగిన లైసెన్స్

ఆ ఇంటి తల్లి బస్సు డ్రైవర్‌నైన నాకు గుడ్ ఈవెనింగ్ చెప్పింది, నవ్వింది, వెంటనే చెయ్యి చాపింది. "మీ లైసెన్స్, మెడికల్ కార్డు ఒకసారి చూడొచ్చా?"

మే నెల సాయంత్రం, న్యూజెర్సీలో ప్రామ్‌ల సీజన్. ప్రామ్ అంటే ఇక్కడి హైస్కూలు పిల్లలు ముస్తాబై పోయే డాన్సు పార్టీ. ఆ ఇంటి ముందు పచ్చికలో ఇరవై మంది దాకా పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. ఆడపిల్లల మణికట్లకు పూలు, వాళ్ల జతగాళ్ల కోటు మీద అదే రంగు పువ్వు. తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మలు అందరూ చేరారు. వాళ్లందరి ముందు అడిగింది. కార్డు రెండు వైపులా తిప్పి చూసింది. బస్సు పక్కన రాసి ఉండే యూఎస్‌డాట్ నంబర్‌ను, అంటే అమెరికా రవాణా శాఖ కంపెనీకి ఇచ్చే నంబర్‌ను ఫోన్లో కొట్టి మా కంపెనీ రికార్డు తీసింది. ఆమె భర్త సూటు వేసుకున్న మనిషి, అలాగే కింద మోకాలి మీద కూర్చుని జేబులోంచి ఒక సెంటు నాణెం తీశాడు. దాని మీద లింకన్ బొమ్మ ఉంటుంది. ఆ తలను కిందికి తిప్పి టైరు గాడిలో పెట్టి చూశాడు. తల మొత్తం బయటికి కనిపిస్తే టైరు అరిగిపోయిందని లెక్క. ముందు టైర్లు, వెనక టైర్లు, అన్నీ అలాగే చూసి లేచి, మోకాలు దులుపుకుని నాకు థాంక్స్ చెప్పాడు. ఈలోపు ఆవిడ బస్సెక్కి, సీట్ల సందుల్లో ఇరుక్కుపోయిన బెల్టులు ఒక్కొక్కటే పైకి లాగించింది. లాగింది నేనే.

పోలీసు అడిగితే లైసెన్స్ తీసివ్వడం నాకు అలవాటే. ఇలా పిల్లల తల్లి అడిగితే మాత్రం ఒళ్లు మండింది. జగిత్యాలలో ట్రాక్స్ నడిపినప్పటి నుంచి దుబాయ్‌లో స్కూలు బస్సు దాకా, బావమరిది స్పాన్సర్ చేస్తే ఇక్కడికి వచ్చాక ఈ పార్టీ బస్సులు, లిమోజిన్ల దాకా నా బతుకంతా స్టీరింగ్ వెనకే గడిచింది. నన్ను నమ్మి బండెక్కిన వాళ్లెవరూ కాగితం అడగలేదు. ముఖం చూసేవాళ్లు, ఎవరి కొడుకో అడిగేవాళ్లు, అంతే.

అక్కడికి వచ్చిన తల్లిదండ్రుల్లో మనవాళ్లూ ఉన్నారు. ఆ గుంపులో ఒకమ్మాయి తండ్రిది వరంగల్. నా పేరు విని పక్కకు వచ్చాడు. "ఏ ఊరన్నా మనది?" అన్నాడు. కోరుట్ల దగ్గర అన్నాను. "అయితే మనోళ్లే. ఇగ ఫికర్ లేదు. బిడ్డ పైలం అన్నా" అని భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. టైరు చూడలేదు, బెల్టు చూడలేదు. నా ఊరి పేరే ఆయనకు లైసెన్సు. ఆ మాటతో అప్పటిదాకా ఉన్న మంట సగం చల్లారింది. చల్లారినందుకు నాకు సిగ్గేమీ లేదు, పరాయి దేశంలో ఆ చెయ్యి విలువ నాకు తెలుసు.

మన దగ్గర ఇంటర్ ఫేర్‌వెల్‌కు చీర కట్టుకుని ఆటోలో పోయే ఆడపిల్లలను చూసినవాళ్లకు ఈ బస్సుల హడావుడి అతిగా అనిపించవచ్చు. నాకూ అనిపించేది. గంటల లెక్కన అద్దె. సీజన్లో కనీసం ఆరేడు గంటలకు తక్కువ ఎవరూ ఒప్పుకోరు. దాని మీద డ్రైవర్ టిప్పు ఇరవై శాతం ముందే బిల్లులో కలుపుతారు. ఇంత ఖర్చు ఒక రాత్రి డాన్సుకా అని మన తల్లులు బాధపడటం విన్నాను. అదే తల్లులు ఓణీల ఫంక్షన్‌కు ఇదే లిమోజిన్ మాట్లాడతారు. అప్పుడు బాధపడరు, మన వేడుక కదా!

ఈ బండ్లకు అసలు కారణం షోకు ఒక్కటే కాదు. న్యూజెర్సీలో పదిహేడేళ్లకు వచ్చేది ప్రొబేషనరీ లైసెన్స్. దాంతో రాత్రి 11 దాటాక పొద్దున 5 వరకు బండి నడపకూడదు. అమ్మో నాన్నో పక్కన లేకపోతే ఒక్కరిని మించి ఎక్కించుకోకూడదు. నంబర్ ప్లేటు మూలకు చిన్న ఎర్ర స్టిక్కర్ అతికించాలి. ఈ స్టిక్కర్ నిబంధన 2010 మేలో అమలుకు వచ్చింది. దాన్ని కైలీస్ లా అంటారు. కైలీ అనే పదహారేళ్ల పిల్ల 2006లో, ఇంకో కుర్రాడు నడిపిన కారు ప్రమాదంలో చనిపోయింది. ఆ పిల్ల పేరే చట్టానికి పెట్టుకున్నారు. ప్రామ్ ముగిసేది పదకొండుకో, ఇంకా ఆలస్యంగానో. పన్నెండో క్లాసు పిల్లల్లో చాలామందిది ఇంకా ఎర్ర స్టిక్కర్ బండే. అందుకని డబ్బులు పోగేసి మా బస్సు మాట్లాడుకుంటారు. ఇది తెలిశాక ఆ పిల్లల మీద నా చూపు మారింది.

కాంట్రాక్టు మీద సంతకం చేసేది పిల్లలు కాదు, పెద్దవాళ్లు. మందు కనిపించిందంటే బస్సు తిరిగి అదే ఇంటికి వస్తుంది, డబ్బు వెనక్కి రాదు. కాగితంలో రాసిన చోట తప్ప ఇంకెక్కడా ఆపకూడదు. "అంకుల్, రెండే నిమిషాలు, ఆ స్టోర్ దగ్గర ఆపండి" అని బతిమాలుతారు. ఆపను. కూలర్ మూత తీసి చూడాల్సింది కూడా నేనే. నన్ను అనుమానించిందని ఆ తల్లి మీద అంత ఉక్రోషపడ్డ నేను, నీళ్ల సీసాల మూతలు బిగుతుగా ఉన్నాయా లేదా అని పిల్లల ముందే తిప్పి చూశాను. నా పని అది. ఆవిడ పని కూడా అదే అయి ఉండాలి.

హాలు దగ్గర వాళ్లను దించాక పార్కింగ్‌లో మా డ్రైవర్ల లోకం వేరు. హైతీ వాళ్లు, ఈజిప్టు వాళ్లు, జలంధర్ నుంచి వచ్చిన ఒక సర్దార్జీ. లైసెన్స్ సంగతి చెబితే సర్దార్జీ ఆశ్చర్యపోలేదు. "స్కోహారీ తర్వాత అందరూ అడుగుతున్నారు" అన్నాడు.

ఆ పేరు ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 2018 అక్టోబర్ 6, న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహారీ అనే చిన్న ఊరు. పదిహేడు మంది స్నేహితులు, బంధువులు ఒక పుట్టినరోజు పార్టీకి బయల్దేరారు. తాగి నడపకూడదనే బుద్ధితోనే లిమోజిన్ మాట్లాడుకున్నారు. 2001 మోడల్ ఫోర్డ్ ఎక్స్‌కర్షన్ అది. ఇలాంటి బండ్లను నడుమకు కోసి, మధ్యలో కొత్త ముక్క అతికి పొడవు చేస్తారు. బరువు పెరుగుతుంది, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పొడవాటి దిగుడు రోడ్డులో బ్రేకులు పట్టలేదు. బండిలోని పదిహేడు మంది, డ్రైవరు, రోడ్డు పక్కన నిలబడిన ఇద్దరు, మొత్తం ఇరవై మంది పోయారు. వాళ్లలో నలుగురు అక్కచెల్లెళ్లు. ఆ బండి అంతకు ముందు నెలలోనే తనిఖీలో ఫెయిలైంది. ఆ సైజు బండికి కావాల్సిన లైసెన్స్ డ్రైవర్ దగ్గర లేదు. డ్రైవర్‌తో కలిపి పదహారు మంది, ఆ పైన పట్టే బండికి ఇక్కడ సీడీఎల్, అంటే కమర్షియల్ డ్రైవర్ లైసెన్స్ ఉండాలి, దాని మీద పాసింజర్ ఎండార్స్‌మెంట్, అంటే జనాన్ని ఎక్కించుకునే అనుమతి ఉండాలి. లైసెన్స్ తిప్పి ఆ తల్లి వెతికింది ఆ అనుమతికి గుర్తుగా ఉండే 'P' అక్షరం కోసమే.

సర్దార్జీ స్కోహారీ అంటే నాకు కొండగట్టు గుర్తొచ్చింది. అదే సంవత్సరం, సెప్టెంబర్ 11. నెల కూడా తేడా లేదు. అంజన్న గుట్ట ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ మంది ఎక్కారు. అరవై మందికి పైగా పోయారు. శనివారంపేటలాంటి ఊళ్లలో ఎన్ని ఇళ్ల ముందు ఏడుపులో ఫోన్‌లో విన్నాను. ఆ దారిన నేను లెక్కలేనన్ని సార్లు జనాన్ని ఎక్కించుకుని దిగాను. ఎంతమంది ఎక్కారని ఎవరూ అడగలేదు. నిలబడ్డానికి చోటు దొరికితే చాలు అనుకునేవాళ్లం. మనవాళ్లకు పిల్లల మీద ప్రేమ తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను. పొద్దున్నే ఎక్కాల్సిన బస్సు అదొక్కటే అయితే తల్లి ఏం లెక్కపెడుతుంది? అడిగే హక్కు ఉండాలంటే ముందు రెండో బస్సు ఉండాలి. ఈ దేశంలో ఆవిడకు ఆ రెండో బస్సు ఉంది. నచ్చకపోతే నన్ను పంపించి ఇంకొకర్ని పిలవగలదు. ఆ ధైర్యంతోనే చెయ్యి చాపింది.

అయినా ఒక మాట మనసులో నిలిచిపోయింది. మన దగ్గర పెళ్లి బండి తోలేవాడిని మొదటి బంతిలోనే కూర్చోబెడతారు. "డ్రైవర్ తిన్నడా?" అని ఇంటి పెద్ద కేకేసి అడుగుతాడు. తినకపోతే బండి కదలనివ్వరు. ఆకలితో, నిద్రతో ఉన్నవాడి చేతిలో పిల్లల్ని పెట్టకూడదని మనవాళ్లు ఏ కాంట్రాక్టులోనూ రాసుకోలేదు, కానీ తెలుసు. ఇక్కడ టైరు చూశారు, కార్డు చూశారు, బెల్టు లాగించారు. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో బయల్దేరిన మనిషి అర్ధరాత్రి దాకా ఏం తింటాడని ఎవరూ అడగలేదు. అమెరికా వాళ్లను నేను ఏమీ అనుకోలేదు, వాళ్లకు ఆ అలవాటు లేదు. నా బాధ ఆ వరంగల్ తమ్ముడి గురించి. ఊరడిగాడు, భుజం మీద చెయ్యి వేశాడు, తిన్నావా అన్నా అనలేదు. వచ్చి ఎన్నేళ్లయిందో పాపం. సర్దార్జీ డబ్బాలోని పరాఠాలు, నా డబ్బాలోని చింతకాయ తొక్కు అన్నం ఇద్దరం కలిపి తిన్నాం.

అర్ధరాత్రి దాటాక అందరినీ అదే ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ వాకిట్లోనే ఉంది. ఒక్కొక్కరు దిగుతుంటే పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. చివరి పిల్ల దిగాక బస్సు మెట్టెక్కి వెనక దాకా చూసింది, ఎవరైనా నిద్రపోయారేమో అని. తర్వాత నా పేరు పెట్టి పిలిచి థాంక్స్ చెప్పింది. పేరు సరిగ్గా పలికింది. లైసెన్స్ చూసినప్పుడే గుర్తుపెట్టుకుని ఉంటుంది.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కూతురి పెళ్లి, మగపిల్లవాడి ఊరు ధర్మపురి దాటాక. జనానికి డీసీఎం మాట్లాడాడట. సామాన్ల బండిలో ఆడవాళ్లను, పిల్లలను నిలబెట్టి తీసుకుపోతావా అన్నాను. "మన పెండ్లిండ్లన్నీ గట్లనే అయినయ్ కదనే, నువ్వు తోలలేదా?" అన్నాడు. తోలాను. ఇప్పుడు వద్దంటున్నాను. మాటా మాటా పెరిగింది. అమెరికా పోయి మారినవ్ అన్నాడు. మారలేదురా, నా బిడ్డలాంటి పిల్ల పెళ్లి అది అన్నాను. చివరికి సీట్లున్న బస్సులు రెండు పెట్టమని డబ్బు పంపాను. డ్రైవర్లు మాత్రం మనోళ్లే ఉండాలని, రాజన్న కొడుకుకు మాట ఇచ్చేశానని అన్నాడు. సరే అన్నాను. ఆ పిల్లగాడి లైసెన్స్ వాట్సాప్‌లో పెట్టమన్నాను, బస్సు కదిలే ముందు కడుపునిండా అన్నం పెట్టమన్నాను. రెండోది చెప్పాల్సిన పని లేదని విసుక్కున్నాడు.