రాత్రి లేచి పని చేయకూడదట

"ఆ టైములో లేవమని నీకు ఎవరు చెప్పారు?" అని మా మేనేజర్ అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు రాలేదు. నెలాఖరు రోజులు. అమ్మకాల లెక్కలుండే పట్టికను రోజూ రాత్రి రెండింటికి కొత్త డేటాతో నింపే పని, అంటే సేల్స్ టేబుల్ రిఫ్రెష్, సగంలో ఆగింది. అలర్ట్ చూసి లేచాను, సరిచేసి పడుకునేసరికి నాలుగున్నర. పొద్దున ఫైనాన్స్ వాళ్లు వచ్చేసరికి రిపోర్టులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఓ మంచి మాట వస్తుందనుకుని తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లాను. "నాలుగున్నరకు ముగించావు కాబట్టి మధ్యాహ్నం మూడున్నర దాకా పని ముట్టుకోకూడదు, ఇంటికి వెళ్లు" అన్నారాయన. గొంతు పెంచలేదు కానీ మందలింపు మందలింపే.

జర్మనీలో 1994 నాటి పనిగంటల చట్టం ఒకటుంది. ఒక రోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టేలోపు 11 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలి. ఆ లెక్కే ఆయన నాకు చెప్పింది. ఫ్రాంక్‌ఫర్ట్ ట్రామ్‌లో ఇంటికి వెళ్తున్నంతసేపూ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. మాదాపూర్‌లో చేసినప్పుడు రాత్రి కూర్చుని బ్యాచ్ (రాత్రిపూట తనంతట తాను నడిచే డేటా పని) గట్టెక్కించినవాళ్ల పేరు పొద్దున అందరి ముందూ చెప్పేవారు. ప్రోగ్రాం తను చేసిందంతా రాసిపెట్టే లాగ్ చూసి ఎక్కడ తెగిందో పసిగట్టడం నాకు ఏ ట్రైనింగూ నేర్పలేదు, ఆ రాత్రులే నేర్పాయి. వాటిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఇప్పటికీ ఊరుకోలేను.

కానీ ఆయన అన్న ఇంకో మాట నన్ను వదల్లేదు. మనిషి నిద్ర లేవాల్సి వచ్చిందంటే ఆ పైప్‌లైన్ (డేటాను తెచ్చి టేబుల్లో నింపే ఏర్పాటు) కట్టడం ఇంకా పూర్తి కాలేదన్నమాట, ముందు దాని సంగతి చూడు అన్నారు. అని వదిలేయకుండా తర్వాతి స్ప్రింట్‌లో, అంటే టీము పని పంచుకునే తర్వాతి విడతలో, మిగతా పనులు పక్కన పెట్టించి టైమిచ్చారు. నాకు నిజంగా కొత్తగా అనిపించింది ఇదే. మాదాపూర్‌లో ఇలాంటి పని కావాలని టికెట్ వేస్తే "క్లయింట్ అడగలేదు కదమ్మా" అనేవారు. చేతితో సరిచేసే ఓపిక ఉన్న మనుషులు దొరికినంతకాలం ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది.

పాత పద్ధతి ఇలా ఉండేది. రోజూ టేబుల్‌ని ట్రంకేట్ చేసి, అంటే పూర్తిగా ఖాళీ చేసి, ఏళ్ల నాటి వరుసలతో సహా అంతా మళ్లీ నింపడం. ఒక్క గిన్నె కొత్తగా వచ్చిందని ఇల్లంతా ఖాళీ చేసి సర్దినట్టు. మధ్యలో ఆగితే సగం నిండిన టేబులే రిపోర్టులకు కనిపిస్తుంది. అప్పుడు నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న డిలీట్ క్వెరీ తీసి, తేదీ మార్చి, ఆ సగాన్ని తుడిచి, మిగతాది మళ్లీ నడపాలి. నిద్రమత్తులో ఆ తేదీ ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో ఈ పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కిందటిసారి తర్వాత మారిన వరుసలే వస్తాయి. ముందు స్టేజింగ్ అనే తాత్కాలిక టేబుల్లో దిగుతాయి, వరుసల సంఖ్య, కీలు (ఒక్కో వరుసను గుర్తుపట్టే విలువలు) సరిపోయాయో లేదో చూశాక ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే మొత్తం అయితే అవుతుంది లేదా ఏదీ కాదన్నట్టు, అసలు టేబుల్లో మెర్జ్ అవుతాయి. అది విఫలమైతే పాత టేబుల్ చెక్కుచెదరదు, రిపోర్టులు నిన్నటి లెక్క చూపిస్తాయి. రెండోసారి నడిపినా వరుసలు రెట్టింపు కావు. రిపోర్టుల కోసం మేం వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక మెటీరియలైజ్డ్ వ్యూ, అంటే ముందే లెక్కకట్టి దాచుకున్న ఫలితం, కూడా ఉంది. మామూలుగా రిఫ్రెష్ చేస్తే అయ్యేంతవరకూ చదివేవాళ్లు ఆగాల్సిందే. 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచి కాంకరెంట్లీ అనే వీలుంది. వ్యూ మీద యూనిక్ ఇండెక్స్ (ఏ రెండు వరుసలూ ఒకటే కాకుండా చూసే సూచిక) ఉంటే చాలు, చదివేవాళ్లను ఆపకుండానే రిఫ్రెష్ అవుతుంది. ఒక్కటి మిగిలింది: సోర్స్‌లో, అంటే డేటా వచ్చే మూల డేటాబేస్‌లో, డిలీట్ అయిన వరుసలు ఈ పద్ధతిలో తెలియవు. వాటికి డేటాబేస్ లాగ్ నుంచే మార్పులు చదవాలి, ఆ పని నడుస్తోంది.

మనవాళ్లు ఇక్కడికొస్తే ముందే తెలుసుకోవాల్సింది గడియారం సంగతి. మన దేశంలో గడియారం జరపడం లేదు కాబట్టి ఆ ఆలోచనే రాదు. ఇక్కడ అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున మూడు కాగానే మళ్లీ రెండవుతుంది. ఆ గంట రెండుసార్లు వస్తుంది. ఎక్కడిదాకా తెచ్చామో లోకల్ టైములో రాసుకుంటే, మొదటి విడతలో 2:50 అని గుర్తుపెట్టుకున్న పైప్‌లైన్, రెండో విడత 2:10కి మారిన వరుసను పాతదనుకుని వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, అలర్ట్ రాదు. అందుకే టైమంతా యూటీసీలోకి, అంటే ఎక్కడా ముందుకూ వెనక్కీ జరగని ప్రపంచ ప్రామాణిక సమయంలోకి, మార్చాం.

ఇదంతా మెచ్చుకుంటూనే ఒక లెక్క ఆయన ముందు పెట్టాను. చలికాలంలో ఇక్కడ రాత్రి రెండు అంటే హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర. అలర్ట్‌లు ముందు వెళ్లేది అక్కడి టీముకే. నేను లేచిన రాత్రి అక్కడ డ్యూటీలో ఉండాల్సిన అమ్మాయి సెలవులో ఉంది, అంతే. ఇక్కడి సాయంత్రం ఆరింటికి ముగిసే మీటింగ్ ఆమెకు రాత్రి పదిన్నరకు ముగుస్తుంది. మళ్లీ ఆరున్నరకు అలర్ట్. మధ్యలో ఎనిమిది గంటలే. "అక్కా, మీరు పడుకోండి, నేను చూస్తాను" అని ఎన్నోసార్లు మెసేజ్ పెట్టిన పిల్ల ఆమె. నాకు 11 గంటలు తప్పనిసరైతే, అదే టేబుల్ చూసే ఆమె రోటాలో (డ్యూటీల పట్టికలో) ఆ లెక్క ఎందుకు లేదని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత రోటా తెరిచి చూశారు.

ఇప్పుడు పైప్‌లైన్ మూడుసార్లు తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే ఇక్కడ ఆరింటికి, అంటే చలికాలంలో అక్కడ పదిన్నరకు, అలర్ట్ వెళ్తుంది. సాయంత్రం మీటింగ్ మాత్రం ఇంకా కదల్లేదు. మధ్యాహ్నం రెండింటికి మార్చమని రాతపూర్వకంగా అడిగాను. వచ్చే నెల ప్లానింగ్‌లో చూద్దామన్నారు, ఆ రోజు అది ఎజెండాలో ఉండేలా నేనే చూసుకుంటాను.