కోనసీమ మేడ మీద చపాటా మిరప

గోదావరి డెల్టాలో పెరట్లో మిరప మొక్క లేని ఇల్లు అరుదు. కూరలోకి నాలుగు పచ్చిమిరపకాయలు కోసుకోవడానికి నూతి పక్కనో, అరటి పాదు ఒడ్డునో ఒకటి రెండు మొక్కలు వాటంతట అవే మొలిచి కాస్తూ ఉంటాయి. అయితే మనకు నచ్చిన ఒక రకాన్ని గింజ నుంచి పెంచి, కాయలను చెట్టు మీదే పండనిచ్చి, ఎండబెట్టి, ఆ ఏటి ఆవకాయకు కారం కొట్టించుకోవాలంటే దానికి వేరే శ్రద్ధ కావాలి. అమలాపురం దగ్గర మా ఊళ్ళో, మేడ మీద కుండీల్లో, కొన్నేళ్ళుగా నేను ఈ పని ఇష్టంగా చేస్తున్నాను. ఈ నేలలో మిరపను పెంచడమంటే ముఖ్యంగా నీటిని ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమేనని నాకు బలంగా అనిపిస్తుంది. చుట్టూ కాలువలు, బోదెలు, చేతికందే లోతులో భూగర్భ జలం ఉన్న మనకు ఈ అలవాటు అంత సులభంగా రాదు.

నేను పెంచే రకం వరంగల్ ప్రాంతపు చపాటా. దానిని అక్కడ టమాటా మిరప అని కూడా అంటారు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. కాయ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది, కండ దళసరి, పండితే చిక్కటి ఎరుపు రంగు వస్తుంది. గుంటూరు సన్నాలతో గానీ తేజ రకంతో గానీ పోలిస్తే కారం చాలా తక్కువ, రంగు చాలా ఎక్కువ. “ఆవకాయ ఎర్రగా కనబడాలి గానీ పిల్లల నోరు మండకూడదమ్మా” అని మా అత్తగారు ఏటా అనే మాటకు సరిగ్గా సరిపోయే కాయ ఇదే. మిరపకాయలో కారమంతా గింజల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కారానికి కారణమైన క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకొని ఉండే తెల్లటి మెత్తని భాగంలో. గింజలకు అది పైపైన అంటుతుందంతే. చపాటాను ఎంచుకోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఇది రైతులు తరతరాలుగా తమ కాయల నుంచే విత్తనం తీసుకుంటూ వచ్చిన రకం కాబట్టి, జాగ్రత్తగా తీసుకున్న గింజ మరుసటి ఏడాది అదే కాయను ఇస్తుంది. సంకర జాతి కాయల గింజలు వేస్తే మొక్కలు తల్లిని పోలి రావు.

గింజ ఎప్పుడు వేయాలన్నది డెల్టాలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మెట్ట ప్రాంతాల్లో జూలై, ఆగస్టు నెలల్లో నారు పోస్తారని విని మనమూ అలాగే చేస్తే, లేత నారు నైరుతి వానల ముసురులో పడుతుంది. దానిని దాటి బతికిన మొక్కలు అక్టోబరు, నవంబరు తుఫాన్ల పాలవుతాయి. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తుఫానును చూసిన పెద్దలు, కార్తీకం గడిచేదాకా వాతావరణాన్ని నమ్మవద్దని చెబుతారు. లంక రైతులు కూడా గోదావరి వరద తీసి, ఒండ్రు ఆరిన తరువాతే కూరగాయలు వేస్తారు. ఆ లెక్కను పట్టుకొనే నేను సెప్టెంబరు చివరి వారంలో పైకప్పు కింద గింజలు వేసి, నవంబరు మధ్యలో మొక్కలను కుండీల్లోకి మారుస్తాను. అప్పటి నుంచి మాఘం దాకా మనకు పొడి గాలి, చల్లని రాత్రులు దొరుకుతాయి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే మిరప పూత రాలిపోతుంది కాబట్టి, మొక్క పూతకు వచ్చే రోజులు డిసెంబరు, జనవరి నెలల్లో పడడం ఎంతో మేలు. ఫిబ్రవరి చివరి నుంచి కాయలు పండుతాయి, మార్చి ఎండలో ఆరుతాయి, మామిడికాయ టెంక కట్టే సమయానికి కారం సిద్ధంగా ఉంటుంది.

నారు పోయడానికి మట్టి వాడవలసిన అవసరం లేదు. కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు మన సీమలో కొదవలేకుండా దొరుకుతుంది. రెండు పాళ్ళు పొట్టుకు ఒక పాలు జల్లించిన వానపాముల ఎరువు కలిపితే చక్కగా సరిపోతుంది. కడియం నర్సరీల్లో అమ్మే గళ్ళ ట్రేలు గానీ, అడుగున చిల్లులు పెట్టిన కాగితపు కప్పులు గానీ వాడుకోవచ్చు. అయితే కొబ్బరి పొట్టును తప్పనిసరిగా కడగాలి. ఉప్పుటేరుల్లో గానీ ఉప్పు తగిలిన గుంటల్లో గానీ నానిన కొబ్బరి డొక్కల నుంచి వచ్చిన పొట్టులో లవణాలు ఉండిపోతాయి, మిరపకు ఉప్పు గిట్టదు. గోనెసంచిలో కట్టి మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి, గోధుమరంగు నీరు తేటపడేదాకా కడిగాకే దానిని వాడతాను.

గింజలను ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, తీసి, తెగుళ్ళను అడ్డుకునే మేలు శిలీంధ్రమైన ట్రైకోడెర్మా పొడి చిటికెడు పట్టించి, గడికి రెండు చొప్పున అర సెంటీమీటరు లోతున వేస్తాను. నేల వెచ్చదనం 25 నుంచి 30 డిగ్రీలు ఉంటే ఎనిమిది, పది రోజుల్లో మొలక వస్తుంది, మన ఊళ్ళలో సెప్టెంబరుకు ఆ వెచ్చదనం దానంతట అదే ఉంటుంది. మొలక వచ్చే తీరును దగ్గరగా చూడడం నాకు ఎంతో ఇష్టం. ముందు తెల్లటి కాడ వంగిన కొక్కెంలా పైకి పొడుచుకొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అది నిటారవుతూ తలను పైకి లాగుతుంది. కొన్నిటికి గింజ పొట్టు ఆకుల చివర టోపీలా పట్టుకొని ఊడదు. అప్పుడు దానిని గోటితో లాగితే ఆకులు తెగిపోతాయి. ఒక నీటిచుక్క దాని మీద వేసి పూట సేపు ఆగితే మెత్తబడి అదే జారిపోతుంది. మొదట విచ్చే రెండు ఆకులు సన్నగా, కోసుగా ఉంటాయి. అసలు మిరపాకు రూపం ఆ తరువాత వచ్చే జతతో మొదలవుతుంది.

నారుకుళ్ళు తెగులు వచ్చేది ఈ దశలోనే. సాయంత్రం పచ్చగా నిలబడిన మొక్క తెల్లారేసరికి నేలను ఆనుకొని పడిపోయి ఉంటుంది. దానిని తీసి చూస్తే, మట్టిని తాకే చోట కాడ నీరు పట్టి, దారంలా నొక్కుకుపోయి కనబడుతుంది. నేలలో ఉండే, శిలీంధ్రాలను పోలిన పిథియం వంటి సూక్ష్మజీవులు చేసే పని ఇది. నిలిచిన తడి, గాలి ఆడని గుంపు వాటికి బలం. పడిపోయిన మొక్కకు మందు లేదు. పక్క మొక్కలను కాపాడడానికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ కలిపి మొదళ్ళలో పోస్తారు. అంతకంటే మంచిది అసలు రానివ్వకపోవడం. ట్రేను ఒక పళ్ళెంలో పెట్టి అడుగు నుంచి నీరు పీల్చుకోనిచ్చి, పావుగంట తరువాత మిగిలిన నీటిని పారబోసి, పైపొర ఆరేదాకా మళ్ళీ నీటి జోలికి పోకూడదు. మొదటి రోజు నుంచీ ఉదయపు ఎండ తగలాలి; నీడలో పెరిగిన నారు సన్నగా సాగి వాలిపోతుంది.

ఆరు వారాల నారుకు ఆరేడు ఆకులు, పెన్సిలు కంటే కాస్త సన్నని కాడ ఉంటాయి. దానిని పెట్టే కుండీ కనీసం 12 అంగుళాల లోతు ఉండాలి. ఇక్కడ మన నల్లమట్టి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వరికి, అరటికి అమృతం వంటి ఈ మట్టి కుండీలో మిరపకు పనికిరాదు. తడిస్తే జిగురుగా అతుక్కుపోతుంది, ఆరితే బీటలు వేస్తుంది, ఈ రెండు స్థితుల్లోనూ వేరుకు గాలి అందదు. అందుకే నేను మట్టి ఒక పాలు, గోదావరి ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేస్తాను. సముద్రపు ఇసుక వాడకూడదు. కుండీని ఇటుకల మీద ఎత్తి పెడితే అడుగు చిల్లు నుంచి నీరు ధారగా పోతుంది. గచ్చు మీద ఆనించి పెడితే చిల్లు మూసుకుపోయి అడుగున తడి నిలుస్తుంది.

వేరుకు కూడా ప్రాణవాయువు కావాలి. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండిపోతే వేరు ఊపిరాడక చనిపోతుంది, చనిపోయిన వేరు నీటిని పైకి పంపలేదు, దానితో చుట్టూ నీళ్ళుండగానే ఆకులు వాడిపోతాయి. వాడిన ఆకును చూసి దాహమనుకొని మరో చెంబు నీళ్ళు పోసే అలవాటు మన ఇళ్ళలో చాలా ఉంది, మిరప మొక్కలు ఎక్కువగా పోయేది ఆ చెంబుతోనే. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి చూడాలి. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆకులు ఎంత వాడినా నీరు పోయకూడదు. పొడిగా తగిలితే అడుగు నుంచి కారేదాకా ఒక్కసారే నిండుగా పోసి మళ్ళీ ఆగాలి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం వల్ల వేరు లోతుకు దిగదు. మధ్యాహ్నపు ఎండలో వాలి, సాయంత్రానికి తేరుకునే మొక్క గురించి కంగారు పడనక్కరలేదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న సఖినేటిపల్లి, అంతర్వేది వైపు బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అక్కడివారు కాలువ నీరు గానీ, పట్టి పెట్టుకున్న వాన నీరు గానీ వాడడం మంచిది. ఆకు అంచులు మాడినట్లు గోధుమరంగుకు తిరిగితే ముందు నీటినే అనుమానించాలి.

చీడల విషయంలో రెండు ముడతల తేడా తెలిస్తే సగం పని అయినట్లే. ఆకు అంచులు పైకి తిరిగి దోనెలా మారితే అది రసం పీల్చే సన్నని తామర పురుగుల (త్రిప్స్) పని. కిందికి ముడుచుకొని, తొడిమ సాగి కనబడితే అది మొక్కల నల్లి (మైట్) పని. మొదటిదానికి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి ఆకుల అడుగున సాయంత్రం వేళ పిచికారీ చేయాలి, మొక్కల మధ్య నీలం రంగు జిగురు అట్టలు కట్టాలి. రెండవదానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడతారు. 2021–22లో రాష్ట్రమంతటా మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దాక్కుంటుంది. అందుకే పూత మొదలయ్యాక రోజూ రెండు మూడు పువ్వులను తెల్ల కాగితం మీద దులిపి చూస్తాను.

మొక్క రెండుగా చీలే పంగ దగ్గర మొదటి పువ్వు వస్తుంది. దానిని తుంచేస్తే మొక్క గుబురుగా పెరుగుతుందని నా నమ్మకం. మిరప పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందుతుంది గానీ, తేనెటీగలు పక్క మొక్కల పుప్పొడిని కూడా మోసుకొస్తాయి. పెరట్లో వేరే మిరప ఉంటే గింజ కలుషితమవుతుంది. కాబట్టి విత్తనానికి ఎంచుకున్న కొమ్మకు మొగ్గలు విచ్చకముందే పలుచని గుడ్డ సంచి తొడిగి, పిందెలు పడ్డాక సంచి తీసి, ఆ కాయల తొడిమలకు ఎర్ర దారం కట్టి గుర్తు పెడతాను. అవి చెట్టు మీదే పూర్తిగా పండి, తోలు కాస్త వడలిన తరువాత కోసి, గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో దాచాలి. అలా దాచిన గింజ రెండు మూడేళ్ళు బాగా మొలుస్తుంది.

మిగిలిన పండు కాయలను ఎండబెట్టడం చపాటా విషయంలో కొంచెం ఓపికతో చేయవలసిన పని. కండ దళసరి కావడం వల్ల సన్నాల కంటే ఎక్కువ రోజులు పడుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాత్రి మంచుకు వదిలేస్తే తొడిమ దగ్గర బూజు పడుతుంది. పొద్దు వాలకముందే చాపతో సహా లోపలికి తెచ్చి, మరునాడు మంచు విడిచాక మళ్ళీ పరవాలి. కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమనాలి, వంచితే విరగాలి. అప్పుడు తొడిమలు తీసి మరలో పట్టిస్తే రంగు ఏమాత్రం తగ్గని కారం వస్తుంది. ఉత్త చపాటా కారంతో పెట్టిన ఆవకాయ మా ఇంట్లో పెద్దవాళ్ళకు చప్పగా తోస్తుంది. అందుకని మూడు పాళ్ళు దీనికి ఒక పాలు గుంటూరు కారం కలుపుతాము. పిల్లల జాడీలో మాత్రం అది కలపము.