షరాఫ్ గారి కోసం హాంకాంగ్‌లో

హాంకాంగ్ నుంచి వచ్చి పది రోజులైంది. కనిపించినవాళ్లంతా డిస్నీల్యాండ్ ఎలా ఉందనే అడుగుతున్నారు. వెళ్లాం, వాన పడింది, వచ్చేశాం. కొండ మీది ట్రాముకి క్యూ చూసే సగం నీరసం వచ్చింది. నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం ఓ కార్ పార్కింగ్ సంగతి.

మా బావమరిది అక్కడ ఎనిమిదేళ్లుగా ఉంటున్నాడు. రెండో రోజు సాయంత్రం కౌలూన్‌లో ఏదో మాల్‌కి తీసుకెళ్లాడు. బయల్దేరేటప్పుడు పార్కింగ్ చీటీ నా చేతిలో పెట్టి, "బావా, నువ్వెళ్లి షరాఫ్ దగ్గర కట్టేసి రా, ఈలోగా పిల్లల్ని కారెక్కిస్తా" అన్నాడు. షరాఫ్ అంటే ఎవరో గుజరాతీ సేటు అనుకున్నా. పార్కింగ్ కాంట్రాక్టు ఆయనదేమో! మనవాళ్లు ఎక్కడ లేరు? సెల్లార్‌లో రెండంతస్తులు గాలించా. యూనిఫాంలో ఉన్న ఓ పెద్దాయనని పట్టుకుని "మిస్టర్ షరాఫ్?" అన్నా. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, నా తలకి సరిగ్గా పైన వేలాడుతున్న బోర్డు చూపించాడు. ఇంగ్లీషులో ఆ పేరే, పక్కన బాణం గుర్తు. బాణం పట్టుకుని వెళితే ఓ అద్దం, అద్దం వెనక ఒకావిడ, చీటీ తోయడానికి కింద చిన్న కంత.

షరాఫ్ అంటే డబ్బు కట్టే కిటికీ. అంతే. అక్కడ ఆసుపత్రుల్లో బిల్లు కట్టేదీ షరాఫ్ దగ్గరేనట.

నేను సేటు గారిని వెతికిన ఇరవై నిమిషాల్లో ఇంకో గంట లెక్కలోకి వచ్చేసిందిట. అదనంగా 28 హాంకాంగ్ డాలర్లు. డాలరు పదకొండు రూపాయలనుకున్నా మూడొందల పైమాటే. ఆ డబ్బుతో మా గుంటూరు బ్రాడీపేటలో నలుగురం కడుపునిండా టిఫిన్ చేసి కాఫీ కూడా తాగుతాం.

కారెక్కాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎక్కడో విన్నానే అనుకుంటుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. రూపాయి చెల్లుతుందో లేదో తెలియాలంటే షరాబు కొట్టుకి పంపేవాళ్లమని చెప్పేది. షరాబే ఈ షరాఫ్! అరబ్బీ సర్రాఫ్ మన దేశానికొచ్చి, ఇక్కడి ఇంగ్లీషు దొరల నోట పడి, వాళ్ల ఓడలతో పాటు చైనా రేవులకి చేరింది. మన దగ్గర ఆ మాట ఇప్పుడు ఎక్కువగా ఇంటిపేర్లలో మిగిలింది. వాళ్లు దాన్ని మాల్ సెల్లార్‌లో వేలాడదీశారు.

మర్నాడు షాపింగ్ మానేసి ఒక్కణ్నే షంగ్‌వాన్ వెళ్లా. అక్కడ అప్పర్ లస్కర్ రో అని ఓ సన్నటి వీధి, నిండా పాత సామాన్ల బళ్లు. లస్కర్ అంటే ఓడల్లో పనిచేసే మన దేశపు కళాసీ. ఒకప్పుడు వాళ్లు దిగింది ఆ వీధిలోనేనట. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. లష్కర్ బోనాలకి వెళ్లొచ్చినవాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. సికింద్రాబాదులో దండు అయింది, అక్కడ కళాసీ అయింది.

ఓ బండి మీద వెండి డాలర్ కనిపించింది. మెక్సికోది, ఒకప్పుడు చైనా రేవుల్లోనూ చెల్లిన రకం. అసలుదో నకిలీదో నాకు తెలీదు, బేరం కూడా ఆడలేదు. కానీ చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశా. గద్ద బొమ్మ రెక్కల మీదా, అంచుల మీదా చిన్న చిన్న చైనా అక్షరాల ముద్రలు. ఆ రోజుల్లో షరాఫ్ నాణేన్ని మోగించి, వెండి మంచిదని తేలితే తన గుర్తు కొట్టేవాడు. చేతులు మారేకొద్దీ ముద్రలు పెరిగి, కొన్ని నాణేలు గిన్నెలా గుంటపడిపోయేవి. ఆ గుర్తుని వాళ్లు 'చాప్' అంటారు. మనం అగ్గిపెట్టె మీద చూసే ఏనుగు ఛాప్, గుర్రం ఛాప్‌లో ఛాపే. ఇప్పటికీ తన కంపెనీ కాగితాల మీద సంతకంతో పాటు చాప్ కూడా పడాల్సిందేనని మా బావమరిది విసుక్కుంటాడు.

తర్వాత పిచ్చి పట్టినట్టు బోర్డులు చదవడం మొదలెట్టా. వాన్‌చాయ్‌లో స్టోన్ నల్లా లేన్. మన నాలాయే, ఇప్పుడు పైన కప్పేశారు. హైదరాబాదులోనూ కప్పేస్తారు, ఇళ్లతో. అక్కడి బజారులో లిచీ పండ్ల ధర చూసి చవగ్గా ఉందే అని మురిసి కొన్నా. ఆ ధర కిలోకి కాదు, క్యాటీకి. క్యాటీ అంటే మలయ్ కాటి, 605 గ్రాములు. మళ్లీ బోల్తా. నగల కొట్లో బంగారం ధర టేల్ లెక్కన రాశారు. టేల్ అంటే 37 గ్రాముల పైచిలుకు, మన మూడు తులాలకి పైనే. మా ఆవిడ ఆ బోర్డు చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

ఆఖరి రోజు రేవు దాటించే స్టార్ ఫెర్రీ పడవ ఎక్కాం. ఐదు డాలర్లు, ఊరు మొత్తమ్మీద నేను సణక్కుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే. సిమ్‌షాచుయ్‌లో దిగి తిరిగి చూస్తే రేవు పొడవునా మాల్. 1886లో వెలిసిన హాంకాంగ్ అండ్ కౌలూన్ వార్ఫ్ అండ్ గోడౌన్ కంపెనీ గిడ్డంగులు ఉండేది అక్కడేనని బావమరిది చెప్పాడు. గోడౌన్! మలయ్ గుదాంగ్ నుంచి వచ్చిందంటారు, ఆ గుదాంగ్ మన గిడ్డంగి నుంచే వెళ్లి ఉండొచ్చని నిఘంటువులు రాసినవాళ్లు అంటారు. మా నాన్న ముప్పై ఏళ్లు గుంటూరులో పొగాకు గిడ్డంగి గుమస్తా. అక్కడే నిలబడి ఫోన్ చేశా. ఆయన మాట ఓడెక్కి ఎంత దూరం వచ్చిందో, ఇప్పుడు ఆ చోట హ్యాండ్‌బ్యాగులు ఎంతకి అమ్ముతున్నారో, అంతా చెప్పా.

నాన్న ఊకొడుతూ విన్నాడు. "అది సరే గానీ ఒరేయ్, గిడ్డంగి తీసేస్తే మరి సరుకెక్కడ పెడుతున్నార్రా?" అన్నాడు.