లాప్‌టాప్ దాచిన తప్పుల్ని ఖాళీ కంటైనర్ బయటపెట్టింది: నా అనుభవం

అల్లూరు వైపు మా బావకు వనామి రొయ్యల గుంటలున్నాయి. మేత, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల డీజిల్ లెక్కలు అన్నీ నోటుబుక్కులోనే. వాటికోసం చిన్న వెబ్ అప్లికేషన్ ఒకటి రాశాను. కావలిలో మా ఇంట్లో విండోస్ లాప్‌టాప్ మీద బాగానే నడిచింది. కానీ రేపు అది నడవాల్సింది లినక్స్ సర్వర్ మీద. 4 జీబీ ర్యామున్న నా లాప్‌టాప్‌లో కంటైనర్లను (అప్లికేషన్‌ని కావాల్సినవాటితో సహా విడిగా నడిపే పెట్టెల్లాంటివి) నడిపే డాకర్ వేస్తే ఇక బ్రౌజర్‌కి చోటుండదు. అందుకే క్లౌడ్‌లో తాత్కాలికంగా ఒక కంటైనర్ పెట్టుకుందామని కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ ఇచ్చే క్లౌడ్ మెషిన్ల సేవ కోడ్‌స్పేసెస్‌కి వెళ్లాను.

వ్యక్తిగత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు ఉచితం, అంటే రెండు కోర్ల మెషిన్ 60 గంటలు వాడుకోవచ్చు. కార్డు ఇవ్వకపోతే కోటా అయిపోగానే ఆగిపోతుంది, బిల్లు రాదు. ఇంకో సుఖమేంటంటే, డాకర్ ఇమేజీలు (కంటైనర్ తయారయ్యే మూసలు) డౌన్‌లోడ్ అయ్యేది ఆ క్లౌడ్ మెషిన్‌లోకే. కరెంటు పోయి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకున్నప్పుడు కూడా నా డేటా పెద్దగా ఖర్చు కాలేదు.

ఏ ఇమేజ్ కావాలో, ఏ పోర్టు తెరవాలో డెవ్‌కంటైనర్ ఫైల్లో రాసిపెడితే కోడ్‌స్పేస్ దానంతట అదే కట్టుకుంటుంది. అప్లికేషన్‌కి ఒక కంటైనర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఇంకొకటి. డేటాబేస్ అడ్రసు దగ్గర లోకల్‌హోస్ట్ (అంటే ‘ఇదే మెషిన్’) అని ఉన్నచోట, కంటైనర్ల వివరాలు రాసే కంపోజ్ ఫైల్లోని సర్వీసు పేరు పెట్టాలి, ఎందుకంటే ఏ కంటైనర్‌కి ఆ కంటైనరే లోకల్‌హోస్ట్. ఇంకోటి, ‘డిపెండ్స్ ఆన్’ అని రాసినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ సిద్ధమయ్యేదాకా అప్లికేషన్ ఆగదు. డేటాబేస్ సిద్ధమైందో లేదో చూసే హెల్త్‌చెక్ పెట్టి, అది పాసయ్యేదాకా ఆగమని కూడా రాయాలి.

ఇవి ఎవరైనా చెప్పేవే. నాకు ఉపయోగపడినవి ఆ తర్వాత వచ్చినవి.

పీడీఎఫ్ రిపోర్టు తీస్తే తెలుగు అక్షరాల చోట డబ్బాలొచ్చాయి. విండోస్‌లో నిర్మలా యూఐ లాంటి, తెలుగు అక్షరాలున్న ఫాంట్లు ముందే ఉంటాయి కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. సన్నపాటి డెబియన్ (ఒక రకం లినక్స్) ఇమేజ్‌లో అలాంటివేమీ ఉండవు. ‘ఫాంట్స్-నోటో-కోర్’ ప్యాకేజీ వేయమని డెవ్‌కంటైనర్ ఫైల్లో చేర్చాక అక్షరాలు వచ్చాయి.

తర్వాత బావకి లింక్ పంపాను. పోర్టు మామూలుగా ప్రైవేటుగా ఉంటుంది, లాగిన్ అడుగుతుంది. కాసేపు పబ్లిక్ చేసి, అసలు లెక్కలు వద్దు, ఉత్తుత్తి అంకెలు వేయమన్నాను. అరగంట ఎవరూ కదపకపోతే కోడ్‌స్పేస్ నిద్రపోతుంది కాబట్టి పగలే కూర్చోబెట్టాను. అలవాటు ప్రకారం తెల్లారుజామున నాలుగున్నరకు చూసినట్టు డీవో రాశాడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి డీవో బాగా పడిపోయేది తెల్లారే ముందే. రొయ్యల రైతుకి అన్నిటికన్నా ముఖ్యమైన రీడింగ్ అది.

రెండు నిమిషాల్లో ఫోన్. “ఇదేందిరా, ఇయ్యాల పొద్దున చూసిన డీవో నిన్నటి కింద పడింది?”

కంటైనర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మన దగ్గర ఉదయం 5:30 లోపు జరిగిందంతా అక్కడ నిన్నటి తేదీయే. లాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ భారత కాలమానం తీసుకుని నడిచింది కాబట్టి ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. కంటైనర్‌కి టైమ్‌జోన్ మార్చేస్తే ఒక్క లైన్లో సరిపోతుందని స్నేహితుడొకడన్నాడు. నాకు నచ్చలేదు. రేపు ఇంకో సర్వర్‌కి మారితే మళ్లీ ఇదే గోల. డేటాబేస్ నుంచి రోజువారీ మొత్తాలు తీసే క్వెరీల్లోనే ‘ఏషియా/కోల్‌కతా’ ప్రకారం తేదీ లెక్కగట్టేలా రాశాను. పాత ఎంట్రీలన్నీ వాటంతట అవే సరైన తేదీకి వచ్చాయి, ఎందుకంటే దాచిన సమయం తప్పు కాదు, రోజుగా విడగొట్టిన తీరే తప్పు.

పరీక్షలయ్యాక కోడ్‌ని గిట్‌హబ్‌లోకి పుష్ చేసి (అంటే పంపి దాచి) కోడ్‌స్పేస్‌ని డిలీట్ చేశాను. ఆపితే చాలదు, ఆగిపోయినదీ స్టోరేజ్ కోటా తింటూనే ఉంటుంది. ముట్టుకోకుండా వదిలేస్తే మామూలుగా 30 రోజులకి అదే పోతుంది, పుష్ చేయని కోడ్‌తో సహా. ఇప్పుడు బావ మేత ఖర్చు కూడా చూపించమంటున్నాడు. దానికి అదే ఫైల్‌తో కొత్తది తెరిచాను, ఫాంట్లతో సహా అన్నీ వాటంతట అవే వచ్చాయి.